బేగంపేట జాబులు: ఒక శస్త్రవైద్యుని ఉత్తరములు, వానిని దాచిన గ్రంథాలయములు

వైద్యశాస్త్రచరిత్రలో మన తెలుగునాటి పేరు ప్రపంచమంతటను వినిపించు తేదీ యొకటి కలదు. అది 1897వ సంవత్సరము ఆగస్టు 20. నాడు సికిందరాబాదు దండునకు చేరువనున్న బేగంపేటలో, ఒక చిన్న సైనిక వైద్యాలయమున, సర్జన్-మేజర్ రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును చీల్చి, సూక్ష్మదర్శినిలో పరిశీలించి, దాని గోడలో మలేరియా క్రిమి పెరుగుచుండుటను కనిపెట్టెను. ఈ సంగతి పాఠశాల వాచకములకు సయితము ఎక్కినది. అంతగా ఎక్కనిది మరియొకటి కలదు. ఆ దినమునకు ముందు రెండేండ్లనుండియు, తరువాత రెండేండ్లవరకును ఆ వైద్యుడు లండనులోనున్న తన గురువునకు వ్రాసిన జాబుల కట్ట యది. పరిశోధన ఎట్లు నడచెనో, ఎన్నిమారులు దారి తప్పెనో, ఎవరి చేతులమీదుగా ఫలించెనో తెలిసికొనదలచినవారికి వాచకములు చాలవు. ఆ జాబులే చదువవలెను.

రాస్ 1857 మే 13న హిమాలయసానువులలోని ఆల్మోరాలో ఒక సైన్యాధికారి యింట జన్మించెను. లండనులో సెయింట్ బార్తలోమ్యూ వైద్యాలయమున చదివి, 1879లో అచటి రాయల్ కాలేజి ఆఫ్ సర్జన్సులో సభ్యత్వము పొంది, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరెను. ఆ కొలువులో ప్రవేశించిన ప్రతివానికిని సర్జన్ అనియే బిరుదము. విరిగిన కాలు కోయుటయు, జ్వరమునకు క్వినైను ఇచ్చుటయు, కలరా వచ్చిన ఊరిలో బావులు శుభ్రము చేయించుటయు, అన్నియు ఆ సర్జన్ పనులే. తండ్రి బలవంతముమీద వైద్యుడయ్యెనే గాని రాస్ మనస్సు గణితముమీదను కవిత్వముమీదను ఉండెడిది. నవలలు సయితము వ్రాసెను. మలేరియా క్రిమిని 1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనికవైద్యుడు లావెరాన్ కనుగొనియుండగా, అట్టి క్రిమి యున్నదను మాటనే రాస్ నమ్మక, దానికి విరుద్ధముగా వ్యాసములు ప్రకటించెను. ఆ క్రిమి నడకను లోకమునకు చూపవలసినవాడు దాని ఉనికినే కొట్టివేసినవాడగుట చిత్రమైన సంగతి.

1894లో సెలవుమీద లండను వెళ్ళినప్పుడు ఆయనకు పాట్రిక్ మాన్సన్ పరిచయమయ్యెను. మాన్సన్ చైనాలో చిరకాలము వైద్యము చేసి, బోదకాలునకు కారణమైన క్రిమి దోమ శరీరములో పెరుగునని చూపినవాడు. ఆయన ఒక రోగి రక్తపు బొట్టును సూక్ష్మదర్శినిక్రింద నుంచి లావెరాన్ చెప్పిన క్రిమిని రాస్ కంటికి చూపెను. రాస్ సందేహము అంతటితో తీరెను. బోదకాలు క్రిమివలెనే మలేరియా క్రిమియు దోమలోనే పెరుగుచుండవలెనని మాన్సన్ ఊహ. ఆ యేడాది డిసెంబరులోనే ఆయన దానిని అచ్చులో ప్రకటించెను. కాని లండనులో మలేరియా రోగులు అరుదు. దోమలు అంతకన్న అరుదు. ఆ ఊహను పరీక్షింపదగిన చోటు భారతదేశము. ఆ పని చేయదగిన మనుష్యుడు దొరికెను. 1895 మార్చిలో రాస్ ఓడ ఎక్కెను. ఏప్రిల్ నెలలో సికిందరాబాదులోని 19వ మద్రాసు పదాతిదళమునకు వైద్యాధికారిగా వచ్చెను. జాబులు అప్పటినుండి మొదలు.

ఆ కాలమున లండనునకు టపా చేరుటకు వారములు పట్టెడిది. బేగంపేటలో పుట్టిన ప్రశ్నకు లండను జవాబు వచ్చులోపల ప్రశ్నయే మారిపోయెడిది. ఈ జాప్యమే ఆ జాబులకు విలువ తెచ్చినది. పక్కగదిలోనున్న గురువునకు శిష్యుడు నోటిమాటతో చెప్పి ఊరకుండును. సముద్రముల కావలనున్న గురువునకు దోమ రంగేమి, రెక్కమీది మచ్చలెన్ని, ఏ గంటకు కుట్టెను, ఏ గంటకు చచ్చెను, కడుపులో కనబడిన దేమి, కనబడనిదేమి అను సమస్తమును వ్రాయవలసినదే, బొమ్మలు గీయవలసినదే. మాన్సన్ ఆ జాబులను దాచుకొనుటయే గాక వానిలోని సంగతులను లండను వైద్యసభలలో వినిపించుచు వచ్చెను. 1896లో రాయల్ కాలేజి ఆఫ్ ఫిజీషియన్సులో ఆయన చేసిన ఉపన్యాసములకు సికిందరాబాదు జాబులు కొంత ఆధారము. పేరు తెలియని ఒక దండు వైద్యుడు చెమటకార్చి వ్రాసినది వారములు గడిచిన పిమ్మట లండనులో పెద్దల చెవిని బడుచుండెను.

గురువు ఊహలో సగము సత్యము, సగము పొరపాటు. దోమ మనుష్యుని ఒక్కమారు కుట్టి, నీటిమీద గ్రుడ్లుపెట్టి అందే చచ్చుననియు, క్రిమి ఆ నీటిలో కలియుననియు, ఆ నీరు త్రాగినవానికి జ్వరము వచ్చుననియు మాన్సన్ తలపు. రాస్ దానిని శ్రద్ధతో పరీక్షించెను. అబ్దుల్ ఖాదిర్ అను మలేరియా రోగిని దోమలచే కుట్టించి, ఆ దోమలు చచ్చిన నీటిని లచ్చుమన్ అను యువకునకు త్రాగించెను. కొన్ని దినములకు లచ్చుమన్‌కు జ్వరము తగిలెను. గురుశిష్యు లిరువురును ఉప్పొంగిరి. తరువాత అదే నీరు త్రాగిన పలువురికి ఏమియు కాలేదు. ఈ సంతోషమును, ఈ నిరాశయు జాబులలో ఒకదానివెంట ఒకటి కనబడును. నేటి దృష్టికి ఈ పరీక్షలు వెరపు కలిగించును. సొమ్మిచ్చి రోగిని దోమలకు అప్పగించుటయు, కలుషజలమును ఆరోగ్యవంతునిచే త్రాగించుటయు నేడు ఏ వైద్యసభయు ఒప్పదు. నాడు దానిని తప్పని ఎవరును తలపలేదు.

మరియొక పొరపాటు కూడ నుండెను. రాస్‌కు దోమల జాతులను గూర్చి తెలిసినది స్వల్పము. తేలికగా దొరకు బూడిదరంగు దోమలతోనే ఆయన రెండేండ్లు పాటుపడెను. అవి మలేరియాను మోయునవి కావు. నడుమ 1895 సెప్టెంబరులో ప్రభుత్వము ఆయనను కలరా నివారణమునకై బెంగుళూరునకు పంపెను. అచటనుండి వ్రాసిన జాబులలో దోమలకంటె మురుగు కాలువల ప్రసంగ మెక్కువ. 1897 వేసవిలో సెలవు పుచ్చుకొని నీలగిరులకు పోయి, మలేరియాకు పేరుపడిన లోయలలో తిరిగి, ఆ జ్వరమును తానే తెచ్చుకొనెను. జూన్ నెలలో తిరిగి సికిందరాబాదు చేరెను.

ఆ యేటి ఆగస్టు నెల జాబులకును దినచర్యకును గుండెకాయ. వాన లేదు, ఉక్క దుర్భరముగ నుండెను. పంకా వేయించినచో గాలికి దోమలు కొట్టుకొనిపోవును గావున పంకా ఆపించెను. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. మిగిలిన ఒక్క కంటికటకమును పగిలియుండెను. దండు ఆసుపత్రి సేవకులు పట్టి తెచ్చిన దోమపిల్లలనుండి ఆగస్టు నడుమ కొన్ని క్రొత్తజాతి దోమలు వెలువడెను. గోధుమవన్నె, రెక్కలపై మచ్చలు. 16వ తేదీన హుసేన్ ఖాన్ అను మలేరియా రోగిని దోమతెరలో పడుకొనబెట్టి పది దోమలచే కుట్టించిరి. దోమకు ఒక్క అణా చొప్పున హుసేన్ ఖాన్‌కు పది అణాలు ముట్టెను. ఆ దోమలలో కొన్ని చచ్చెను. కొన్ని కోయుచుండగా పాడయ్యెను. 20వ తేదీకి మిగిలినవానిలో నొకదాని కడుపుగోడను వెదకుచుండగా, గుండ్రని కణములును, వానిలో నల్లని రేణువులును కనబడెను. ఆ నల్లని రేణువులు మలేరియా క్రిమి గుర్తు. దోమ కణములలో అట్టివి ఉండవు. 21వ తేదీన చివరి దోమను కోసెను. అందలి కణములు ముందునాటి వానికంటె పెద్దవైయుండెను. ఒకనాటికంటె మరునాడు పెద్దవైనచో అవి పెరుగుచున్న వన్నమాట. పెరుగుచున్నచో అవి ప్రాణమున్న వన్నమాట.

ఆ సాయంకాలము రాస్ ఒక పద్యము అల్లెను. బెంగుళూరులోనున్న భార్య రోజాకును, లండనులోని మాన్సన్‌కును జాబులు వ్రాసెను. ఆ జాబులలో జయఘోష కంటె జాగ్రత్త యెక్కువగ నుండుట గమనింపదగినది. రెండు దోమలలో చూచిన దానిని బట్టి లోకమును నమ్మింపజాలనని ఆయన యెరుగును. 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నలులో వెలువడిన వ్యాసము పేరులోను ఆ అణకువయే కలదు. మలేరియా రహస్యము తెలిసినదని చాటక, రెండు దోమలలో కనబడిన వింత కణములను గూర్చి యనియే పేరు పెట్టెను.

తరువాతి జాబులలో స్వరము మారును. కనుగొన్న కొలదివారములకే, సెప్టెంబరులో, ఆయనకు బదిలీ ఉత్తరువు వచ్చెను. చివరకు చేరినది రాజపుటానాలోని ఖేర్వారా. అచట మలేరియా రోగులు లేరు. చేతికందిన పండు జారిపోయినవాని దుఃఖము ఆ నెలల జాబులలో పొంగిపొరలుచుండును. మాన్సన్ లండనులో అధికారుల నాశ్రయించి, 1898 ఫిబ్రవరినాటికి ఆయనను కలకత్తాకు చేర్పించెను. అచట రాస్ మనుష్యులను వదలి పిచ్చుకల మలేరియాను చేపట్టెను. జూలైలో క్రిమి దోమ కడుపునుండి వెడలి దాని లాలాజలగ్రంథులకు ప్రాకుచున్నదని కనిపెట్టెను. అనగా రోగము వచ్చునది నీటివలన గాదు, కాటువలన. మాన్సన్ ఊహలోని పొరపాటు సగము ఆనాటితో కూలి, నిజమైన సగము నిలిచెను. ఆ వార్త తంతిమీద ఎడింబరోలో జరుగుచున్న బ్రిటిషు వైద్యుల మహాసభకు అందగా మాన్సనే దానిని చదివి వినిపించెను. తన ఊహలో తప్పున్నదని చూపిన శిష్యుని విజయమును సభలో చాటిన గురువు అరుదైనవాడు.

ఈ కథ ఇంతటితో ముగిసినచో అందముగ నుండెడిది. ముగియలేదు. మనుష్యుల మలేరియాను మోయునది అనాఫిలీస్ జాతి దోమయని ఇటలీలో గ్రాసీ 1898లో నిరూపించెను. ఘనత ఎవరిదను తగవు అప్పుడే పుట్టి, రాస్ బ్రతికినంతకాలము రగులుచుండెను. 1902లో నోబెల్ బహుమానము వచ్చినను ఆయన మనస్సు చల్లబడలేదు. మసూచి టీకా కనుగొన్న జెన్నర్‌కు 1802లోను, 1807లోను పార్లమెంటు గొప్ప పారితోషికములిచ్చెను గదా, తనకేల ఇయ్యదని ప్రభుత్వమునకు విన్నపము చేసికొనెను. తుదకు మాన్సన్‌తోడనే తగవు వచ్చెను. మాన్సన్ మరియొక వైద్యునికై వ్రాసిన సిఫారసు ఉత్తరములోని ఒక వాక్యము తన్ను కించపరచినదని 1912 ప్రాంతమున రాస్ న్యాయస్థాన మెక్కెను. జాబులతో పెనవైచికొన్న స్నేహము జాబుతోడనే తెగుట విచారకరము.

అయినను ఆ పగలవలన చరిత్రకు ఒక మేలు కలిగెను. కనుగొన్నది తానే యని చూపుకొనవలసినవాడు కావున రాస్ చిత్తుకాగితమునైన పారవేయలేదు. వచ్చిన జాబు, పోయిన జాబు నకలు, దోమల పట్టికలు, పత్రికలలోని ముక్కలు, రసీదులు, అన్నింటిని కట్టలు కట్టి తేదీలు వేసి దాచెను. అది చరిత్రకారుని శ్రద్ధ కాదు; వ్యాజ్యెము నడుపువాని శ్రద్ధ. చరిత్రకారునకు ఏదైననేమి, కాగితము మిగిలినది. 1928లో ఆయన తానే సంపాదకుడుగానున్న సైన్స్ ప్రోగ్రెస్ పత్రికలో ఆ కాగితములను అమ్మెదనని ప్రకటించెను. భార్యాబిడ్డల పోషణకు సొమ్ము కావలెనని అందు దాపరికము లేకుండ వ్రాసెను. నోబెల్ బహుమానము పొందిన డెబ్బదియేండ్ల వృద్ధుడు తన జాబులను అమ్మకమునకు పెట్టవలసివచ్చెను.

కొన్నది లేడీ హ్యూస్టన్ అను ధనవంతురాలు. ఇచ్చిన వెల 2000 పౌనులు. ఆమె వానిని బ్రిటిష్ మ్యూజియమునకు ఇయ్యబోగా మ్యూజియమువారు పుచ్చుకొనలేదు. నేడు వానిలో నొక భాగము లండను స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ గ్రంథభాండారమునందును, మరియొక పెద్దభాగము గ్లాస్గోలోని రాయల్ కాలేజి ఆఫ్ ఫిజీషియన్స్ అండ్ సర్జన్స్ నందును ఉన్నవి. 1926లో రాస్ పేర లండనులో వెలసిన పరిశోధనాలయము 1934లో లండను స్కూలులో విలీనమయ్యెను. 1998లో బైనమ్, ఓవరీ అను చరిత్రకారులు రాస్ మాన్సన్‌ల ఉత్తరప్రత్యుత్తరములను ఏర్చికూర్చి, టిప్పణములతో ఒక సంపుటముగా వెలువరించిరి. బేగంపేటలో వ్రాసిన జాబు నూరేండ్ల పిమ్మట ఎల్లరును చదువదగిన పుస్తకమయ్యెను. ఒక శ్రీమంతురాలి ఈవియు, పేరు తెలియని భాండారోద్యోగుల ఓర్పును లేకున్నచో ఆ కట్టలు ఏ పాతకాగితముల అంగడికో చేరియుండెడివి.

ఆ కట్టలలో లేనిదానిని గూర్చియు ఒకమాట చెప్పవలెను. అబ్దుల్ ఖాదిర్ ఏమి తలచెనో ఎక్కడను లేదు. దోమతెరలో పడుకొనిన హుసేన్ ఖాన్‌కు తరువాత జ్వరము నయమయ్యెనో లేదో, పది అణాలతో ఏమి చేసెనో ఏ జాబును చెప్పదు. గుంటలు వెదకి దోమపిల్లలను సీసాలో పట్టితెచ్చిన ఆసుపత్రి సేవకుని పేరైనను రాస్ జ్ఞప్తియందుంచుకొనలేదు. ఆ సీసా రానిచో ఆగస్టు 20వ తేదీ లేదు. వారు జాబులు వ్రాసినవారు కారు. వ్రాసియున్నను దాచు భాండారము లేదు.

జాబులు వ్రాసినవారి కాగితములును మన నేలమీద నిలుచుట అరుదు. అదే కాలమున హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్‌గానుండిన ఎడ్వర్డ్ లారీని తీసికొందము. 1885నుండి ఆయన ఇచటి వైద్యపాఠశాలకు పెద్ద. క్లోరోఫారము ఇచ్చునప్పుడు చూడవలసినది నాడినా ఊపిరినా అను వివాదమును తేల్చుటకై 1888లోను 1889లోను హైదరాబాదులో రెండు పరిశోధక సంఘములు కూర్చుండెను. రెండవదానికై ఆరవ నిజాము 1000 పౌనులిచ్చి లండనునుండి లాండర్ బ్రంటన్‌ను రప్పించెను. లారీ లాన్సెట్ పత్రికకు తన వాదమును వ్రాసి పంపెను. ఆ లారీయే లావెరాన్ క్రిమిని నమ్మనివారిలో నొకడు! కొన్ని మైళ్ళ దూరమున రాస్ ఆ క్రిమికై కన్నులు కాయలుగాచునట్లు వెదకుచుండగా, నగరములోని పెద్దవైద్యుడు అట్టిది లేదనుచుండెను. ఈ ఇరువురి కథను పక్కపక్కనుంచి చదువవలెనన్నచో హైదరాబాదు విద్యార్థి లండను పత్రికల పాతసంపుటములను వెదకికొనవలసినదే.

దాచినచో ఎంత చిన్న జాబైనను ఎంత చెప్పునో మద్రాసు కోట దస్తరములవలన తెలియును. 1693లో ఫోర్ట్ సెయింట్ జార్జి శస్త్రవైద్యుడు సామ్యుయెల్ బ్రౌన్ గవర్నరునకు ఒక జాబు వ్రాసెను. కౌన్సిలు సభ్యుడైన వీలర్‌కు తానిచ్చిన ముత్యపుచూర్ణము, పాషాణము నూరిన కల్వములోనే నూరబడెననియు, తనవలననే ఆయన చనిపోయెననియు అందు ఒప్పుకొనెను. బల్క్లీ అను మరియొక సర్జన్ శవమును కోసి పరీక్షించి నివేదిక వ్రాసెను. భారతదేశమున లిఖితాధారమున్న తొలి శవపరీక్షగా దానిని చెప్పుదురు. ఆ బ్రౌనే మన ప్రాంతపు మూలికలను సేకరించి లండనులోని పెటివర్‌కు పంపెను. వానిని గూర్చిన లేఖ 1698లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చుపడెను. కంపెనీవారు లెక్కలకొరకు కాగితములు దాచిరి. వైద్యచరిత్ర దానివెంట ఊరకే లభించెను.

ఊరకే లభించుదాక వేచియుండక కావలెనని కూర్చినవారు పాశ్చాత్యులలో కలరు. వారిలో ముఖ్యుడు అమెరికా శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్. మెదడు శస్త్రచికిత్సకు ఆధునికరూపము నిచ్చినవాడు. తన గురుతుల్యుడు విలియమ్ ఆస్లర్ చనిపోగా, ఆయనను ఎరిగినవారందరికిని విజ్ఞప్తిచేసి జాబులు తెప్పించి 1925లో రెండు సంపుటముల జీవితచరిత్ర వ్రాసెను. ఆస్లర్ తన పుస్తకములను మెక్గిల్ విశ్వవిద్యాలయమునకు విడిచిపోయినట్లే, తానును తన ప్రాచీన వైద్యగ్రంథములను ఏల్ విశ్వవిద్యాలయమునకు ఇయ్యదలచెను. 1934లో మిత్రులైన ఆర్నాల్డ్ క్లెబ్స్, జాన్ ఫుల్టన్‌లకు జాబులు వ్రాసి, ముగ్గురి పుస్తకములును ఒక్కచోట చేరవలెనని ఒప్పించెను. మంచి గ్రంథాలయము ఉన్నగాని తాము తమ పుస్తకములనియ్యమని విశ్వవిద్యాలయముతో వాదులాడెను. 1939 అక్టోబరులో వెసాలియస్ శరీరశాస్త్రపు పెద్దసంపుట మొకటి ఎత్తిన పిమ్మట గుండెనొప్పి వచ్చి, కొలదిదినములకే కన్నుమూసెను. గ్రంథాలయము 1941లో తెరవబడెను.

మన రాష్ట్రమున ఈ పనికి పూనుకొన్నవాడు డాక్టరు డి. వి. సుబ్బారెడ్డి. 1899లో జన్మించిన ఆయన శరీరధర్మశాస్త్రము బోధించిన ఆచార్యుడు. ఫుల్టన్‌దియు ఆ శాస్త్రమే యగుట యాదృచ్ఛికము కావచ్చును. వైద్యుడై యుండి శాసనములు చదువుట నేర్చెను. క్రీ. శ. 1261 నాటి మల్కాపుర శాసనమున, కాకతి రుద్రమదేవి కాలమందు, విద్యాలయముతోను సత్రముతోను కూడ ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఏర్పరుపబడినట్లున్నది. అట్టి శాసనముల ఆధారమున దక్షిణదేశపు మధ్యయుగ వైద్యశాలలను గూర్చి ఆయన వ్రాసిన వ్యాసములు అమెరికాలో హెన్రీ సిగరిస్ట్ నెలకొల్పిన వైద్యచరిత్ర పత్రికలో 1940వ దశకపు ఆరంభమున వెలువడెను. మద్రాసులో ఆధునికవైద్యము ఎట్లు మొదలయ్యెనో తెలుపు గ్రంథమును 1947లో ప్రకటించెను. సిగరిస్ట్ స్వయముగా 1944లో భోర్ సంఘమునకు సలహాదారుగా మన దేశమునకు వచ్చెను. వైద్యవిద్యార్థులకు వైద్యచరిత్ర బోధింపవలెనను మాట ఆనాటినుండి ప్రభుత్వపత్రములలో నెక్కెను. పత్రములలోని మాటను గదిగాను, బీరువాలుగాను మార్చుటకు మాత్రము మనుష్యుడు కావలెను.

1956లో హైదరాబాదు ఉస్మానియా వైద్యకళాశాలలో వైద్యచరిత్రశాఖ వెలసెను. ఆ కళాశాలకు మూలము 1846లో స్థాపింపబడిన వైద్యపాఠశాల. లారీ పెద్దగా నుండినదియు అదియే. సుబ్బారెడ్డి ఆ శాఖకు ఆద్యుడు. ఆ శాఖకు పనిముట్టనునది గ్రంథాలయమే. రసాయనశాస్త్రజ్ఞునకు గాజుకుప్పెలెట్లో వైద్యచరిత్రకారునకు తాళపత్రములు, పాతముద్రణలు, నివేదికలు, పత్రికాసంపుటములు, చిత్రపటములు అట్లు. అవి లేనిచో ఆచార్యుడున్నను శాఖ లేదు. ఆయన గ్రంథములతోపాటు ప్రదర్శనశాలకును పునాది వేసెను. 1963లో శాఖ పక్షమున ఒక పత్రిక మొదలయ్యెను. సంస్కృత వైద్యగ్రంథములు, యునానీ వైద్యుల చరిత్రలు, శాసనములు, యూరోపియను సర్జన్‌ల నివేదికలు అన్నియు ఒక్క పత్రికలో చోటుచేసికొన్నవి. ఒకే గోడలనడుమ సంస్కృతము, తెలుగు, ఉర్దూ, పారశీకము, ఇంగ్లీషు గ్రంథములు కూడుట హైదరాబాదున సహజమే యనిపించును. కాని ఆ కూడిక తానై జరుగునది కాదు.

శాఖ అదృష్టవశమున నిలిచినది. 1970లో కేంద్రమునకు చెందిన భారతీయవైద్య పరిశోధనామండలి దానిని స్వీకరించి ఇండియన్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ హిస్టరీ ఆఫ్ మెడిసిన్ అని పేరిడెను. 2009లో నేషనల్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ మెడికల్ హెరిటేజ్ అను నామము వచ్చెను. స్థలమును మారి గడ్డిఅన్నారమునకు చేరెను. సుబ్బారెడ్డి 1987లో పరమపదించెను. ఆయన మొదలిడిన పత్రిక పేర్లు మార్చుకొనుచు సాగినది. పేర్లు మారుటవలన నష్టము లేదు. పాతసంపుటములు అరలలో నున్నవి.

బేగంపేటలో రాస్ పనిచేసిన కట్టడమును ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆయన పేరిటి పరిశోధనాలయముగా నిలిపినది. 1997 ఆగస్టులో శతజయంతికి నానాదేశముల మలేరియా శాస్త్రజ్ఞులు హైదరాబాదున సమావేశమైరి. కట్టడము ఇచట నున్నది. అందు కూర్చుండి వ్రాసిన జాబులు లండనులోను గ్లాస్గోలోను నున్నవి. హుసేన్ ఖాన్‌కు ముట్టిన పది అణాల లెక్కయు వానిని వ్రాసిన వైద్యుని కాగితములతోనే సముద్రము దాటెను.